మా చేని చెట్టుకు వేరెక్కడుందో తేలింది

నేను చదివింది రెండో తరగతే. అయినా జమ్మలమడుగు దగ్గర మా నల్లరేగడిలో శనగ వేయాలా వద్దా అన్నది ఏనాడూ ఎవరినీ అడిగి తేల్చుకున్నవాణ్ణి కాను. ఈ రోజు పొద్దున ఆ మాటే గట్టిగా అన్నాను.

ప్రొద్దుటూరు కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మా కోడలు వెంటనే ల్యాప్‌టాప్ తెచ్చింది. ఇరవై ఏళ్లలో ఏ ఏడు వాన పడింది, విత్తనాల ధర ఎట్లుంది, నేను శనగ వేశానా లేదా, అన్నీ అడిగి ఎక్కించింది. పక్కన తెల్లగడ్డలు ఒలుస్తున్న నా భార్య, "నేను సరే అన్న్యానో లేదో గూడా రాయమ్మీ" అంది. రాస్తే పోయేదేముందిలే అనుకున్నాను.

నేను శనగ వేయాలా వద్దా అని ఎట్లా తేల్చుకుంటానో సాఫ్ట్‌వేరు ఒక్క క్షణంలో తెర మీద చెట్టు బొమ్మగా గీసింది. వేరు పైన, కొమ్మలు కింద.

"ఏంది పాపా, తలకిందులుగా మొలిసింది?"

"ఇది అట్లే ఉంటాది మామా. నీ నిర్ణయాన్ని తేల్చే పెద్ద ప్రశ్న పైన వేరు కాడ ఉంటాది."

"అంటే వానే గదా?"

"కాదు మామా. అత్త సరే అనిందా లేదా. ఆ ఒక్క ప్రశ్నతోనే చెట్టు అయిపోయింది. వాన దాకా పోనేలేదు."

మిషను తప్పని గట్టిగా వాదించాను. కోడలు నవ్వింది. "సరే మామా, ఈ ఏడు శనగ వేస్తాండావా లేదా? నువ్వే చెప్పు."

నేను నోరు తెరిచి, తెల్లగడ్డల వైపు చూశాను.

మీ ఇంటి చెట్టుకు వేరు ఎవరో మీరన్నా నిజం చెప్పండప్పా.