ఎమ్మెల్యే గారు తాగని నీళ్ళు

మా పల్లెకీ సముద్రానికీ మధ్య ఒక ఇసుక దిబ్బ ఉంది. సర్కారు పోరంబోకు. దాని మొదట్లో మోచెయ్యి లోతు గుంట తీస్తే తియ్యటి నీళ్ళు ఊరతాయి. చెలమ అంటాం. ఇంటికి కుళాయి వచ్చినా నేను వంటకీ తాగడానికీ ఆ నీళ్ళే మోసుకొస్తాను. కుళాయి నీళ్ళకి పప్పు ఉడకదు.

తీరంలోని ప్రభుత్వ భూముల్లో వేటిని అలాగే కాపాడాలో, వేటిని రొయ్యల గుంటలకు లీజుకివ్వాలో తేల్చే బిల్లు అసెంబ్లీకి వస్తోందని తెలిసింది. దిబ్బను చదును చేస్తే చెలమ ఉండదు. సభలో మాట్లాడే ముందు ఒకసారి చూసి పోతానని మా ఎమ్మెల్యే గారు పల్లెకొచ్చారు.

ఆ పొద్దున నేను రాగి చెంబు తోమి, చెలమ నీళ్ళు ముంచి పెట్టుకున్నాను. మా మేనమామ ఊరి పెద్ద. చెంబు చూసి మొహం చిట్లించాడు.

"ఏందిమే అది?"

"చెలమ నీళ్ళు. ఎమ్మెల్యే గారికి."

"ఆయనకి ఇసకలో నీళ్ళు తాపిస్తావా? రేపు కడుపునొప్పొస్తే ఎవురు చెప్పాల సమాధానం? పల్లె పరువు తియ్యబాక. పో లోపలికి."

నెల్లూరు నుంచి ఐసు పెట్టె నిండా బాటిల్ నీళ్ళు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. నలుగురిలో అన్న ఆ 'పో లోపలికి' ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఎమ్మెల్యే గారు దిబ్బెక్కి గాలి బాగుందన్నారు. దిగి, బాటిల్ ఖాళీ చేసి వెళ్ళారు.

చర్చ జరిగే రోజు పడవలు కదల్లేదు. అందరం మామ ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మా ఎమ్మెల్యే గారికి మైకు ఇచ్చారు. ఆయన అధ్యక్షుల వారికి కృతజ్ఞతలు చెప్పారు. ముఖ్యమంత్రి గారికి చెప్పారు. మంత్రి గారికి చెప్పారు.

"గంట కొట్టిందాకా దండాలే పెట్టేట్టున్నాడే," అంది మా అక్క.

టైమైపోయిందని గంట కొట్టాకే అసలు సంగతికొచ్చారు. పక్షులు దిగే మడుగుల్ని కాపాడాలన్నారు. మంచిదే. దిబ్బల సంగతి వచ్చేసరికి, "నేను స్వయంగా వెళ్ళి చూశాను అధ్యక్షా. అక్కడి ప్రజలు బాటిల్ నీళ్ళే తాగుతున్నారు. ఆ దిబ్బ మీద ఆధారపడినవాళ్ళు ఎవరూ లేరు," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు బల్లలు చరిచారు. సాయంత్రానికి బిల్లు పాసైంది.

మామ టీవీ కట్టేసి, కండువా దులుపుకుని బయటికి పోయాడు.

కొన్నాళ్ళకి నెల్లూరులో ఒక పెళ్ళిలో ఎమ్మెల్యే గారు కనిపిస్తే, భోజనాల దగ్గరే నిలదీశాను. ఆయన చెయ్యి ఆపి విన్నారు.

"ఆ రోజు ఒక్కరన్నా చెప్పలేదే అక్కా," అన్నారు.

చెప్పలేదు, నిజమే. ఆయన మీద కోపం సగం తగ్గింది. ఆ సగం మామ మీదికి మళ్ళింది.

దిబ్బకి ఉత్తరం వైపు చదును చేసి రొయ్యల గుంటలు తవ్వేశారు. చెలమ ఉన్న దక్షిణం ముక్కనన్నా లీజుకివ్వొద్దని నేను కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతున్నాను. అక్కడి గుమస్తా నన్ను చూడగానే భోజనానికి లేస్తాడు, పదింటికైనా సరే. అది కూడా మరిచిపోను.

ఈ వేసవిలో చెలమ నీళ్ళు గుక్క చివర ఉప్పగా తగిలాయి. చెంబు పట్టుకుని మామ ఇంటికి పోయి, గ్లాసులో పోసిచ్చాను. తాగాడు. నా వైపు చూడకుండా, "బాగానే ఉండాయిమే," అన్నాడు.

గ్లాసు మళ్ళీ నింపాను.