మేస్త్రి మామ తన మీద వేసుకున్న గోడ

మొన్న పొద్దున గుడియాత్తం నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "మేస్త్రి మామ పోయినాడక్కా" అన్నాడు. మా ఎదురింటాయన. వేలూరు చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు కట్టాడో ఆయనకే తెలియదు. నాకు మాత్రం కూలిపోయిన ఒక గోడతోనే గుర్తొస్తాడు.

మా వీధిలో మొదటి ఎస్టీడీ బూత్ తెరిచిన ఏడు అది. పదకొండో తరగతి పూర్తయిన వేసవి సెలవుల్లో ఎనిమిది మంది ఆడపిల్లలం, ఒక టీచరమ్మ, బస్సు దిగి మూడు గంటలు నడిచి కొండమీది గిరిజనుల ఊరికి సేవా శిబిరానికి వెళ్లాం. అక్కడి పిల్లలు పశువుల పాకలో చదువుకుంటున్నారు. వాళ్లకొక గది కట్టాలి. పని నేర్పడానికి మామ తన పనులు మానుకుని మా వెంట వచ్చాడు.

ఆ ఊరి పెద్దావిడ మాతో మాట్లాడేది కాదు. అంతకుముందు ఎవరో వచ్చి ఫోటోలు దిగి, పని సగంలో వదిలేసి పోయారట.

మామ ప్రతి రాయినీ చేతిలో తిప్పి చూశాకే పెట్టేవాడు. మట్టితో కట్టే గోడ రోజుకు మోకాలెత్తే లేవాలనేవాడు. "రాయికి తొందర లేదమ్మా, తొందరంతా మనకే."

ఎనిమిదో రోజు ఆయన ద్వారబంధం తేవడానికి కొండ దిగాడు. మర్నాడు శిబిరం పెట్టిన పెద్దలు చూడడానికి వస్తున్నారని నేనే అందరినీ ఉసిగొల్పాను. మధ్యాహ్నానికే మిగిలిన గోడ పునాది మీంచి ఛాతీ ఎత్తు లేచింది. మురిసిపోయాం.

మూడు గంటలకు మబ్బు కమ్మి ఈదురుగాలి మొదలైంది. గాలికి చాటుగా నలుగురు పిల్లలు గోడవారన చేరారు. అందరికన్నా చిన్నది నిద్రపోయింది. అప్పుడే మామ వచ్చాడు. గోడ కడుపు ఉబ్బినట్టు పిల్లల వైపు వాలి ఉంది. ఆయన భుజం మీది ద్వారబంధం, సంచి అక్కడే దించి, వెళ్లి గోడకు భుజం ఆనించాడు.

అరవలేదు. నవ్వుతున్న గొంతుతో, "సంచిలో బెల్లం ఉండాది, ఎవురికి గావాల?" అని అరవంలో అడిగాడు. ముగ్గురు లేచి సంచి దగ్గరికి పరిగెత్తారు. చిన్నది కదల్లేదు. రాళ్ల సందుల్లోంచి మట్టి రాలుతోంది. మామ నా వైపు తిరిగాడు.

"పాపా, నువ్వు రా. మెల్లిగా ఎత్తుకోని పో."

"మామా, నువ్వో?"

"ముందు బిడ్డను తీసకపో!"

పిల్లతో పది అడుగులు వేశానో లేదో, వెనక గోడ కూలింది. మామ పక్కకు దూకాడు గానీ ఎడమచెయ్యి రాళ్లకింద పడింది. రెండు వేళ్లు నలిగిపోయాయి.

ఊరంతా చుట్టుముట్టింది. పిల్ల తల్లి నా చేతుల్లోంచి బిడ్డను లాక్కుని, ఎవరు కట్టిన గోడ ఇదని అరిచింది. నేను నోరు తెరిచేలోపే మామ చేతికి తువ్వాలు చుట్టుకుంటూ, "మేస్త్రిని నేను. నాదే తప్పు" అన్నాడు. ఆ తువ్వాలు ఎర్రబడడం చూస్తూ నిలబడ్డాను.

ఆయన్ను కిందికి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు వచ్చిన పెద్దలు మమ్మల్ని ఇళ్లకు పొమ్మన్నారు. సామాను సర్దుకుంటూ ఉండలేక, పెద్దావిడ దగ్గరికి వెళ్లి ఆ గోడ లేపించింది నేనని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. "తెలుసు. ఆయన మోకాలెత్తుకు మించి కట్టడు. రోజూ చూస్తానే ఉండాం గదా" అంది. మమ్మల్ని పంపొద్దని టీచరమ్మతో చెప్పింది కూడా ఆవిడే.

రెండో రోజుకే మామ కట్టుతో కొండెక్కి వచ్చాడు. ఆయనకూ చెప్పి ఏడ్చాను.

"చెప్పేసినావు గదా, ఇంక ఏడ్చొద్దు. దా, ఆ రాళ్లకు మట్టి గీకి మళ్లీ కడదాం."

గది పూర్తయ్యాకే దిగి వచ్చాం. ఆ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఎలా నలిగాయో మా అమ్మకు నేను చెప్పాను గానీ, ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఫోన్ పెట్టేశాక కళ్లముందు నిలిచింది ఆయన కొండకు తిరిగొచ్చిన ఆ ఉదయమే. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడిచేత్తో రాయికి అంటిన మట్టి గీకుతున్న మామ. ఆయన ఎదురుగా చడీ చప్పుడూ లేకుండా వచ్చి కూర్చుని, కొంగు నడుముకు బిగించి, ఇంకో రాయి అందుకుంటున్న పెద్దావిడ.