తలుపు చాటు వరస

నిన్న ఫోన్లో నువ్వు చదివి వినిపించిన వ్యాసం బాగుంది, అమ్మడూ. పూణేలో కూర్చుని మన ఊరి గురించి రాశావని మీ తమ్ముడు కూడా మురిసిపోయాడు. నాకు మాత్రం ఆ తర్వాత అన్నం సయించలేదు. కోపం. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను కాబట్టి మీ ఇద్దరికీ అది వినపడలేదు.

ఫ్యాక్టరీ కోసం ఊరు పోయినా, పెళ్లి పిలుపుల్లో ఆ ఊరిని బతికించుకున్నారని రాశావు. నిజమే. రాజుల కథల్లోనే కాదు, జనం రోజూ చేసుకునే పనుల్లో కూడా చరిత్ర ఉంటుందని మీ టీచరు అన్నదీ నిజమే. కానీ నువ్వు సగమే రాశావు.

ఊరు ఖాళీ చేయించాక గాజువాక పక్కన ఈ కాలనీలో చీటీలు తీసి స్థలాలిచ్చారు. గోడకి గోడ ఆనుకుని బతికినవాళ్లు తలో వీధిలో పడ్డారు. అయినా పెళ్లి పిలుపులకి పాత ఊరి వరసే. మొదట తూర్పింటివాళ్లు, తర్వాత బావి పక్కవాళ్లు, ఆ తర్వాత తాటితోపు వైపువాళ్లు. బొట్టు పెట్టి పిలిచే ఆడవాళ్లు ఈ వీధిలో ఒక గుమ్మం, ఆ చివరి వీధిలో ఒక గుమ్మం ఎక్కుతూ కాలనీ అంతా అడ్డదిడ్డంగా తిరుగుతారు. షేర్ ఆటోల వాళ్లు చూసి నవ్వుతారు.

ఆ వరస పూర్తిగా తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. నాకు మా అత్త నేర్పింది. నేను కాపురానికి వచ్చేసరికే మావయ్య లేరు. మొగుడు పోయిన ఆడది కుంకుమ భరిణె ముట్టకూడదు, పిలుపులకి వెళ్లకూడదు. అందుకని అత్త తలుపు చాటున నిలబడి ఒక్కో ఇల్లూ చెప్పేది. నేను భరిణె పట్టుకుని వెళ్లేదాన్ని. మీ తాతయ్య పోయాక ఆ తలుపు చాటు నాకొచ్చింది. నీ వ్యాసంలో బొట్టుంది, భరిణె ఉంది, తలుపు లేదు.

మొన్న మా మరిది చిన్నకొడుకు పెళ్లిలో ఏమైందో విను. తోటికోడలు నన్ను అడక్కుండానే పెద్దకోడల్ని వెంటేసుకుని పిలుపులకి బయల్దేరింది. మెయిన్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఇంటి నంబర్ల ప్రకారం పిలుచుకుంటూ పోయారు. తూర్పింటివాళ్ల ఇల్లు ఇప్పుడు కాలనీ చిట్టచివర, మురిక్కాలవ పక్కన. అక్కడికి చేరేసరికి దీపాల వేళయింది. ఆ ఇంటి పెద్దావిడ బొట్టు పెట్టించుకోలేదు.

"అందర్నీ పిలిసీసి మిగిలిన కుంకం మాకు తెచ్చినారేటి? మమ్మల్ని ముందు పిలవకుండా మీ ఇంట ఏనాడైనా పందిరి రాట ఏసినారా? ఎల్లండి."

తూర్పిల్లు కదలకపోతే మిగతా ఇళ్లూ కదలవు. పెళ్లి పందిట్లో సొంత ఊరివాళ్లే ఉండరు. తోటికోడలు ఏడుపు మొహంతో నా దగ్గరికి వచ్చింది.

"అప్పా, వరస సెప్పు. కోడలు ఫోన్లో ఎక్కించుకుంటాది. పొద్దున్నే మళ్లీ ఎల్తాం."

"సెప్పను. నానే వస్తాను."

మరిది గొంతు సవరించుకున్నాడు. "వదినా, పెద్దదానివి, నీకు తెలీందేటుంది. శుభమా అని ఎల్తంటే..."

"నా నోరు పనికొచ్చింది గానీ నా కాళ్లు పనికిరావేటి, బాబూ?"

"నలుగురూ ఏటనుకుంటారు?"

"ఇప్పటికే అనుకుంటన్నారు. తూర్పింటికెళ్లి ఇనుకో."

కోడలు కిసుక్కున నవ్వి, అత్త చూపు తగిలి తల దించుకుంది.

పొద్దున్నే ముందు నేను, వెనక భరిణెతో వాళ్లిద్దరూ. నేరుగా తూర్పింటికే. పెద్దావిడ గేటు దగ్గర నిలబడి ఉంది. కోడలు భరిణె మూత తీసింది. ఆవిడ అటు చూడలేదు, నన్నే చూసింది.

"ఇన్నేళ్లకి పిలుపులకొచ్చినావేటే?"

"రానిచ్చినారేటి?"

"అయితే నువ్వే పెట్టు."

తోటికోడలు చప్పున భరిణె పట్టుకుంది. నేను ఆ చేతిలోంచి లాక్కున్నాను. బొట్టు కొంచెం వంకరగా వచ్చింది. ఆవిడ సరిచేసుకోలేదు.

ఆ ఇల్లు కదిలాక అన్ని ఇళ్లూ కదిలాయి. పెళ్లి నిండుగా జరిగింది. అక్షింతలు వేసే వేళకి తోటికోడలు వచ్చి నా చెయ్యి మెత్తగా పట్టుకుంది. "మోకాళ్ల నొప్పులు కదప్పా, ఎనక కుర్చీలో కూకో." నా మోకాళ్లు ఆ ముందురోజే కాలనీ అంతా తిరిగొచ్చాయి. వెనక కుర్చీలో కూర్చుని, నవ్వుతూ ఫొటోలు దిగేవాళ్లని చూస్తూ పళ్లు నూరుకున్నాను.

వచ్చే నెల బావి పక్కవాళ్లింట్లో పెళ్లి. వరస చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టమని అడిగారు. నడవడానికైతే వస్తానన్నాను. ఇంకా జవాబు లేదు.

నువ్వూ అదే అడిగావు, అమ్మడూ, క్లాసులో వినిపిస్తానని. నీక్కూడా పంపను. ముందు ఆ తలుపు గురించి రాయి. దాని వెనక మా అత్త నిలబడేదని, ఆ ఊరంతా ఆవిడ నోట్లో ఉండేదని, నీకు కోపం రాదా అని ఆవిడని ఒక్కరూ అడగలేదని రాయి. రాసి నాకు చదివి వినిపించు. అప్పుడు చెప్తాను, తూర్పింటి దగ్గర మొదలుపెట్టి.