నర్సింహులన్న కట్టిన దారం

అలమరా తెరిచి పాత పట్టుచీర తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే చాలు, ఎక్కడున్నానో ఒక్క క్షణం తెలియదు. పంజగుట్టలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, దాని కింది అంతస్తులో ఫైళ్ల మధ్య ఇవే ఉండలు వేసి ఉంచిన రికార్డు గది, ఎత్తయిన కిటికీలోంచి వాలిన ఎండలో తేలే సన్నటి దుమ్ము, ఆ దుమ్ము నడుమ బల్లకు ఆనుకుని నిలబడ్డ నర్సింహులన్న. అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు మెత్తగా కదులుతాయి.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. ఏలూరు నుంచి వచ్చి నేనూ ఒక కోర్సు పూర్తిచేసి, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీలో చేరాను. పంజగుట్ట ఆసుపత్రి సిబ్బందికి దాన్ని నేర్పడమే నా మొదటి పని. గబగబా చెప్పుకుపోయాను. నర్సులు తలలూపి, మర్నాడు మళ్లీ రిజిస్టర్లే తెరిచారు. మేనేజరు విసిగిపోయి, నెలాఖరుకు నేర్చుకోనివాళ్లను మానిపిస్తానన్నాడు. అప్పటి నుంచి నేను కనబడితే అందరూ మాటలు ఆపేసేవారు.

నర్సింహులన్న ఒక్కడే ఆపలేదు. బోరబండ నుంచి సైకిల్ మీద వచ్చి, ఇరవై ఏళ్లుగా ఆ గదిని చూసుకుంటున్న మనిషి. పేరు చెబితే చాలు, ఫైలు చేతిలో పెట్టేవాడు. కంప్యూటర్ ముందుకు రమ్మంటే నవ్వాడు.

“కూసుంట బిడ్డా, ఫికర్ చెయ్యకు. ముందుగాల నువ్వు జర నా పక్కన కూసో. నా పనేందో నీకెరుకేనా?”

“ఫైళ్లు తీసివ్వడమే కదండీ?”

“గంతేనా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

మూడు రోజులు పక్కనే కూర్చున్నాను. కొన్ని ఫైళ్లకు ఎర్రదారం కట్టి ఉంది. ఎందుకని అడిగాను.

“గీళ్లకు కొన్ని మందులు పడవు. లోపల రాసే ఉంటది. గాబరాల ఎవరు చదువుతరు? గందుకే కట్టిన. నీ కంప్యూటర్ల దారం యాడుంది?”

ఆ వివరం మా సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ తెరవని ఏదో మూల ఉంది. కంపెనీలో చెబితే, “నిన్ను నేర్పమని పంపాం, మార్పులు చెప్పమని కాదు” అన్నారు మా సారు. ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతి సోమవారం నుంచి, అంతా కంప్యూటర్‌లోనే చూడాలని, వార్డులకు ఫైళ్లు పంపడం మానేశారు. ఆ మధ్యాహ్నం నేను మూడో అంతస్తులో నర్సు పక్కనే ఉన్నాను. ఆమె సూది సిద్ధం చేస్తుండగా, ఎర్రదారం ఫైలు పట్టుకుని, రొప్పుతూ నర్సింహులన్న వచ్చాడు. ఆరోజు చేరినవాళ్ల జాబితాలో తనకు తెలిసిన పేరు చూశాడట.

“ఆగమ్మా! గామెకు గా మందు పడదు!”

నర్సు చెయ్యి గాలిలోనే ఆగింది. మంచం మీద నా వయసు అమ్మాయి, ఏం జరిగిందో తెలియక మా ముఖాలు చూస్తూ ఉండిపోయింది.

నీ కంప్యూటర్ వద్దు పొమ్మని ఆరోజు అతను అంటే అడ్డుకునేవారు లేరు. మేనేజరు పరుగున వచ్చి అడిగితే మాత్రం, “దాని తప్పేం లేదు సార్. గది ముందుగాల సూపియ్యమని మనం దానికి చెప్పలే. ఏం చెయ్యాల్నో గీ బిడ్డకు ఎరుకే” అన్నాడు.

నేను అక్కణ్నుంచి నేరుగా అమీర్‌పేట ఆఫీసుకు వెళ్లి, సారు ఒప్పుకునేదాకా ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను. అది సరిచేసేవరకు వార్డులకు మళ్లీ ఫైళ్లే వెళ్లాయి. వారం తిరక్కుండా, రోగి పేరు తెరవగానే పైన ఎర్రగీత వచ్చేలా చేశారు. నర్సింహులన్న ఒక్క వేలితో మీట నొక్కి, ఆ గీతను చాలాసేపు చూశాడు.

“ఇగ నేర్పు” అన్నాడు.

తను నేర్చుకుని, అంతస్తు అంతస్తుకూ తిరిగి చెప్పాడు. “దారం సుత ఉంది అండ్ల, సూడుండ్రి.” నర్సులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. నెలాఖరుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు.

ఇప్పుడు నా కింద కొత్తగా నేర్పేవాళ్లు పనిచేస్తున్నారు. ఏ ఆఫీసుకు వెళ్లినా, అందరికన్నా వెనక మౌనంగా పని చేసుకుంటున్న మనిషిని వెతుక్కుని, పక్కన కుర్చీ వేసుకుంటాను. ఒక పూట గడిచాక మావాళ్లు ఓపిక పట్టలేక అడుగుతారు, “ఎప్పుడు మొదలుపెడదాం మేడమ్?” అని.

“మొదలుపెట్టాంగా” అంటాను, ఆ మనిషి చేతుల మీంచి చూపు తిప్పకుండా.