తమ్ముడి మడత కత్తి

కరోనా రెండో ఏడాది సూరత్‌లో నాకు పోయినవి నాలుగు: మిల్లులో పని, భేస్తాన్‌లో గది, రెండు నెలల జీతం, తమ్ముడు. వేర్వేరు రకాలను కలిపి కూడకూడదని తెలుసు. అయినా కూడేశాను.

రైల్వేస్టేషన్‌లో తమ్ముడి మడత కత్తిని చెత్తడబ్బాలో వేయబోయాను. ఆసుపత్రి నుంచి వచ్చిన వస్తువని బ్లీచింగ్ నీళ్లతో రోజూ కడిగితే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

"ఏందన్నా, మంచి కత్తిని పడేస్తున్నవ్?" బెంచీ మీద పక్కనున్న మనిషి మన యాసలోనే అడిగాడు.

"తుప్పు పట్టింది."

"కార్బన్ స్టీలు మరి! స్టెయిన్‌లెస్ అయితే పెండ్లికొడుకు లెక్క మెరుసుకుంట ఉంటది గని పదును జల్ది పోతది. గిది కూలోని లెక్క. తానం చేపిచ్చినంక జర తుడిచి నూనె పెట్టాలె."

సంచిలోంచి కొబ్బరినూనె తీసి, తన తువ్వాలు ఎర్రబడేదాకా రుద్దాడు. కత్తి తెరుచుకుంది. దానితోనే తన కీరదోసకాయ కోసి సగం నాకిచ్చాడు. ఇద్దరం మాస్కులు దించుకున్నాం. నాకు రుచి తెలియలేదు, కానీ మొత్తం తిన్నాను. తమ్ముడు పోయిన నాటి నుంచి అలా తినలేదు.

కత్తిని మాత్రం, చేతికిస్తే కొట్లాట అయితదంటూ, బెంచీ మీద పెట్టాడు. ఇంతలో అతని బండి వచ్చింది.

పేరైనా అడగలేదు. సగం కీరదోసకాయ ఇప్పటికీ బాకీ.