ఖాళీ కడుపు డ్యూటీ

ఏలూరు–కైకలూరు బస్సులో కండక్టరు రత్నమాణిక్యం పదకొండేళ్లుగా డ్యూటీ దిగేదాకా అన్నం ముట్టదు. తింటే దారిలో దిగాల్సొస్తుందని భయం. కొల్లేటి రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే, ఆడమనిషికి చాటు దొరకదు. గుక్కెడు టీ, రెండు బిస్కెట్లు, ఓ గ్యాసు మాత్ర. అంతే.

పొట్ట ఉబ్బరం ఎప్పటినుంచో ఉన్నదే. ఈమధ్య ఏడుపు తోడైంది. ఏడుపు ఆగితే కోపం. అన్నం వదిలేసిందని పదేళ్ల కూతురు సాయిప్రియను అట్లకాడతో కొట్టింది. తండ్రి లేని ఆ పిల్ల సెలవులకని తాడేపల్లిగూడెంలో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, "అమ్మకి కోపం తగ్గాకే వస్తా" అని కూర్చుంది. బడులు తెరిచేలోగా రాకపోతే అక్కడే చేర్పించేస్తారు.

గ్యాసు కోసం వెళితే డాక్టరు నరసరాజుగారు, "ఊరికే ఏడుపొస్తుంటుందా అమ్మా?" అని అడిగారు. కడుపు చూసి ఆ సంగతెలా కనిపెట్టారో ఆమెకు అర్థం కాలేదు.

"పొట్టకీ మెదడుకీ మధ్య కబుర్లు నడుస్తూనే ఉంటాయమ్మా. ఒకటి నలిగితే రెండోదీ నలుగుతుంది. మందు రాస్తాను. అది పని చెయ్యాలన్నా వేళకి తినాలి. పెరుగు, కూరలు, నీళ్లు."

మర్నాడు బీరకాయ కూర, పెరుగన్నం బాక్సులో పెట్టుకెళ్లింది. డ్రైవరు సాల్మన్ నోరెళ్లబెట్టాడు. "మీరూ అన్నం తింటారేంటండీ? ఇన్నాళ్లూ డీజిల్ మీద నడుస్తన్నారనుకున్నా!"

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఫోన్లో పిల్లతో నవ్వింది కూడా. అయిదో రోజు దారిలో కడుపు మెలిపెట్టేసింది. బస్సు ఆపించి చెరువు గట్టు వెంట పరుగెత్తింది. తిరిగొచ్చేదాకా కిటికీల నిండా తలకాయలే.

"కండక్టరుగారు చేపలకి టిక్కెట్లు కొట్టొచ్చారండీ!" అన్నాడెవడో. బస్సంతా ఘొల్లుమంది. సాల్మన్ కసిరినా నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత ఆమె బాక్సు తేలేదు. ఖాళీ కడుపున మాత్రలు వేసుకుంటే తిప్పేస్తోందని అవీ మానేసింది.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు సాయిప్రియ ఫోన్ చేసింది.

"తింటున్నావా అమ్మా?"

"ఆఁ."

"ఇయ్యాల ఏం తిన్నావ్?"

"అన్నీ నీకెందుకే!"

బస్టాండులో నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అరిచింది. అవతల పిల్ల ఫోన్ పెద్దమ్మ చేతికిచ్చేసింది. అక్క గొంతు వినిపించింది.

"మాణిక్యం, దీన్ని ఇక్కడి బళ్లోనే వేసేస్తామే. ఏవనుకోకు."

"సరే అక్కా" అంది రత్నమాణిక్యం. ఈసారి గొంతు పెంచకుండానే అంది.