కప్పతల్లి రోకలి

మా పక్కింటి పెద్దమ్మ పేరు చెబితే నాకు "ఉండనీలే" అన్న మాటే వినిపిస్తుంది. ఎండకు గోడమీద రొప్పుతున్న తొండను పిల్లలు రాళ్లతో కొట్టబోతే, "ఉండనీలేండ్రా" అనేది. బస్సు రాకపోయినా అదే మాట, అదే అలిసిన గొంతు.

పందొమ్మిది వందల అరవైలలో, గుమ్మఘట్ట దగ్గరి మా ఊళ్లో వానల్లేక నూతులు కూడా ఎండిన ఏడు, ఆడవాళ్లం కప్పతల్లి ఆడదామనుకున్నాం. రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ మోస్తే, ప్రతి ఇల్లాలూ దానిమీద నీళ్లు పోయాలి. అలా చేస్తే వాన వస్తుందని నమ్మకం. కప్పను తేవడం పెద్దమ్మ పని. తోడుగా నేనూ ఎండిన కుంటలోకి వెళ్లాను.

చాలాసేపు తవ్వితే ఒక కప్ప కనిపించింది. ముడుచుకుని, కళ్లు మూసుకుని, మట్టిబెడ్డలాగే ఉంది. పెద్దమ్మ దాన్ని కాసేపు చూసి మళ్లీ మట్టి కప్పేసింది.

"ఉండనీలే. అదీ వానకే కాసుకోనుండాది. దాన్నేం అడుగుతాం?"

కప్పకు బదులు ఒక మట్టిబెడ్డను వేపాకుతో కలిపి గుడ్డలో చుట్టి రోకలికి కట్టింది. ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నేను ఇంటికొచ్చాను. మధ్యాహ్నానికి పెద్దమ్మ రోకలి మోస్తుంటే, ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. ఇంట్లో ఉన్నది ఒక్క చెంబు నీళ్లు. గుడ్డలో ఏముందో తెలిసీ సగం పోశాను. నల్లటి బురద కారింది.

మిగిలిన సగం పెద్దమ్మకు అందించాను.

"తాగు పెద్దమ్మా, పొద్దున్నుంచీ ఎండలో తిరగతాండావు."

ఉండనీలే అంటుందనుకున్నాను. అనలేదు. రోకలి భుజాన ఉండగానే, ఒంటిచేత్తో చెంబెత్తి గటగటా తాగేసింది.